కత్తెర కడిగిన నల్ల కారు

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. అది ఓటరు కార్డు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధి మొత్తానికీ అతను కత్తెర. సెలూన్ నడుపుతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తగా దిగినవాళ్లు అనుకుంటారు. కాదు. జుట్టు కన్నా ఎక్కువగా అతను కత్తిరించేది ఎదుటివాళ్ల మాటల్ని. కుర్చీలో కూర్చున్న మనిషి "మొన్న నా నడుముకి..." అని మొదలుపెట్టగానే, "మంచం మార్చండి, తగ్గిపోతుంది" అనేస్తాడు. పాపం ఆ మనిషి చెప్పబోయింది కొత్త బెల్టు సంగతి.

మనిషి మంచివాడే. చెయ్యి తేలిక. అతని కత్తి కింద నిద్రపోయినవాళ్లున్నారు గాని ఉలిక్కిపడ్డవాళ్లు లేరు. ఇంటి ముందు గదే సెలూన్. ఒక అద్దం, రెండు కుర్చీలు, మేకుకి వేలాడే తువ్వాళ్లు. రెండో కుర్చీలో ఎవరూ జుట్టు కత్తిరించుకోరు. అది కబుర్లకి వచ్చేవాళ్ల కుర్చీ.

అంత నోరున్నవాడికి ఒక్క మనిషి ముందు మాత్రం నాలుక మడతపడిపోతుంది. ఆ మనిషి అతని చెల్లెలు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ వార్డులోకి అడుగుపెట్టినప్పుడు దుప్పటి మీద ముడత కనపడితే, ఆ మంచం మీదున్న రోగి కూడా లేచి నిలబడి క్షమించమంటాడని చెప్పుకుంటారు.

ఈ అన్నాచెల్లెళ్ల మధ్య ఒక నల్ల కారు ఉంది.

అది వాళ్ల నాన్నది. ముప్పై ఏళ్లు ఇంకొకరి టాక్సీ తోలి, ఆఖరికి తనకంటూ ఆయన కొనుక్కున్న ఒకే ఒక్క బండి. ఆయన పోయి మూడేళ్లయింది. పోయే ముందు కాగితాలు కూతురి పేర పెట్టాడు, తాళంచెవి కొడుకు చేతిలో పెట్టాడు. ఎందుకలా చేశాడో ఆయనకే తెలియాలి. కాగితాలున్న మనిషికి తాళం లేదు, తాళమున్న మనిషికి కాగితాల్లేవు. నెల రోజులు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి మేనమామ వచ్చి తీర్పు చెప్పాడు. ఆరు నెలలు అన్న దగ్గర, ఆరు నెలలు చెల్లెలి దగ్గర. మారేది ఆదివారం పొద్దున. ఇచ్చేవాళ్లు కడిగి ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్లు చూసి పుచ్చుకోవాలి.

చెల్లెలు తెచ్చి ఇచ్చిన రోజు కారు ఎలా ఉండేదంటే, కత్తెర దాని తలుపులో చూసుకుని మీసం దువ్వుకునేవాడు. కత్తెర తిరిగిచ్చే రోజున మాత్రం, ఆ కారు రంగేమిటో కాగితాలు చూసి తెలుసుకోవాల్సి వచ్చేది.

కిందటిసారి అప్పగింతలప్పుడు చెల్లెలు సంచిలోంచి దూది తీసింది. ఆసుపత్రి దూది, తెల్లగా, మెత్తగా ఉంది. కారు పైకప్పు మీద ఒక్కసారి లాగి, అన్న ముక్కు కింద పెట్టింది.

"ఇదేంటన్నయ్యా?"

"దూది."

"దూది నేను తెచ్చింది. దాని మీదున్నది నువ్వు తెచ్చింది. ఏంటది?"

కత్తెర భుజం మీది తువ్వాలుతో పైకప్పు తుడవబోయాడు.

"నాన్న ఈ బండి మీద ఈగ వాలితే ఈగ కాళ్లు కూడా తుడిచేవాడు. దీన్ని ఇలా చూడటం నా వల్ల కాదు. వచ్చేసారి దూది ఒక్కచోట నల్లగా వచ్చినా సరే, అమ్మేస్తాను. కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు."

ఆ మాట చెప్పి దర్జాగా కారెక్కి వెళ్లిపోయింది. అన్నమాట మీద నిలబడే మనిషి. ఆ సంగతి ఆసుపత్రికీ తెలుసు, అన్నకీ తెలుసు.

కత్తెరకి ఆ కారుతో పెద్ద అవసరాలేమీ లేవు. సెలూన్ ఇంట్లోనే, కూరగాయలు వీధి చివరే. కానీ సెలవురోజున ఒక్కడే కారు తీసి, నాన్న టాక్సీ తోలిన దారమ్మట రైల్వే స్టేషన్ దాకా వెళ్లి, వెనక్కి వచ్చేవాడు. వెనక సీట్లో ఎవరూ ఉండరు. డ్రైవర్ సీటు నాన్న ఒంటికి తగ్గట్టు గుంట పడి ఉంటుంది. నాన్న భారీ మనిషి, కత్తెర ఎండుకట్టె. ఆ గుంటలో కూర్చుంటే మలుపు మలుపుకీ ఇటూ అటూ దొర్లుతుంటాడు. సీటుకి దిండు వేసుకోమని భార్య ఎన్నిసార్లు చెప్పినా వేసుకోలేదు. ఆ దొర్లడమే అతనికి కావాలి. ఈ సంగతి ఎవరికైనా చెబుదామంటే నవ్వుతారని ఊరుకున్నాడు.

అలాంటి కారు అమ్ముడైపోతుందంటే గుండెలో రాయి పడ్డట్టయింది. కారు చెల్లెలి దగ్గరున్న ఆరు నెలలూ, మళ్లీ తన దగ్గరికొచ్చిన ఆరు నెలలూ ఆ రాయితోనే గడిపాడు. అప్పగింతలు ఇంక వారం ఉన్నాయనగా భార్య గుర్తుచేసింది.

"ఏమండీ, వచ్చే ఆదివారం మీ చెల్లెలొస్తుంది. దూదితో వస్తుంది."

"తెలుసు."

"తెలిస్తే అలా కూర్చున్నారేం? వెళ్లి సామాను కొనుక్కురండి. నా గిన్నెలు తోమే పీచు కారుకి పెడితే మాత్రం ఊరుకోను. కిందటిసారి ఆ పీచుతోనే తోమారు, తర్వాత నేను పులుసు గిన్నె తోమితే పెట్రోలు వాసన."

కారు సామాను దుకాణం బస్టాండు వెనక. లోపలికి వెళ్లగానే కత్తెరకి కళ్లు తిరిగాయి. తన సెలూన్లో ఉన్నవి మూడు సీసాలు. ఇక్కడ గోడంతా సీసాలే. చక్రాలకొకటి, అద్దాలకొకటి, తోలు సీట్లకొకటి, వాసనకొకటి. మనిషి మొహానికి కూడా ఇన్ని రాయరు.

దుకాణదారుడు నిదానమైన మనిషి. మాటని నమిలి నమిలి చెబుతాడు. ఇద్దరికీ అక్కడే చెడింది.

"ఇదివరకు ఇంట్లో కడిగిన అలవాటుందా అన్నా?"

"చిన్నప్పట్నుంచి చూస్తున్నా."

అది నిజమే. చూడటం వరకే. నాన్న ప్రతి ఆదివారం టాక్సీ కడిగేవాడు. దగ్గరికి పోతే "నువ్వు అవతలికి పోరా, నీకు తొందరెక్కువ" అని తరిమేసేవాడు. ఆ మాట పడి పడి, కత్తెర ఆ కారుకి తడిగుడ్డ పెట్టాలంటేనే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. కిందటేడు పీచుతో నాలుగు రుద్దులు రుద్ది పారిపోయింది కూడా అందుకే. బద్ధకస్తుడని భార్య అనుకుంటే అనుకోనిచ్చాడు. యాభై ఏళ్లొచ్చాక నాన్న కసురుకున్నాడని చెప్పుకోవడం కన్నా బద్ధకమే గౌరవంగా ఉంటుంది.

"అయితే మొదట బకెట్లు తీసుకోండి," అన్నాడు దుకాణదారుడు. "రెండు. ఒకదాన్లో షాంపూ నీళ్లు, ఇంకోదాన్లో ఉత్త నీళ్లు. ఉత్త నీళ్లు ఎందుకంటే గుడ్డకి అంటుకున్న ఇసుక..."

"ఇంట్లో బకెట్టుంది. ఒకటి చాలు."

"కాదన్నా, ఆ ఇసుక మళ్లీ కారు మీదికే..."

"సరే సరే, ఆ తుపాకీ ఏంటి?"

దుకాణదారుడు ఊపిరి పీల్చుకుని, గోడకున్న ఫోమ్ గన్ దించాడు. పైపుకి తగిలిస్తే నురగ కక్కుతుందని చెప్పాడు. చూపించమంటే వెనక గుమ్మం దగ్గర ఒక్కసారి నొక్కి చూపించాడు. తెల్లటి నురగ గోడ మీద పరుచుకుంది. చిక్కగా, జారకుండా, మీగడలా నిలబడింది.

కత్తెరకి ఒళ్లు పులకరించింది. ముప్పై ఏళ్లుగా బ్రష్షుతో గుండ్రంగా తిప్పి తిప్పి గిన్నెలో నురగ తీస్తున్న మనిషి. నురగ నాణ్యం కంటితో చూసి చెప్పగలడు. ఇది ఉత్తమజాతి నురగ. నాన్న తరిమేసిన పనిలో తనకి తెలిసింది ఒకటి దొరికిందని, అంతే, మనసు అక్కడే పారేసుకున్నాడు.

"ఇది ఇవ్వు. సీసా పెద్దది."

"ఇస్తాను గాని అన్నా, ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ నురగని ఎండలో..."

"నురగ గురించి నాకు చెబుతున్నావా తమ్ముడూ?" అని కత్తెర పెద్దగా నవ్వాడు. "నా బతుకంతా నురగే."

"అది కాదు, ఆర..."

"ఆ తువ్వాళ్లేంటి?"

"మైక్రోఫైబర్. మెత్తగా ఉంటాయి, గీత పడదు. ఒక అరడజను..."

"తువ్వాళ్లు నా దగ్గర గుట్టలున్నాయి."

తారు మరకలు పోగొట్టే మందు చూపించాడు. గీకడానికి నా దగ్గర కత్తి ఉందన్నాడు. రంగు మీద గరుకు లాగేసే మెత్తటి బంకముద్ద చూపించాడు. పిల్లలాడుకునేదిలా ఉంది వద్దన్నాడు. మైనం డబ్బా మాత్రం తీసుకున్నాడు, మూత తీస్తే మీసాలకి రాసే మైనం వాసన వచ్చింది గనక. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపించి లాభం లేదని దుకాణదారుడికి అర్థమైంది. సామాను కట్టిచ్చి, "ఏదైనా తేడా వస్తే ఫోన్ చెయ్యండన్నా" అన్నాడు. ఆ ఒక్క మాటా కత్తెర పూర్తిగా విన్నాడు. విని నొచ్చుకున్నాడు.

శనివారం పొద్దున్నే కారు వాకిట్లోకి తీశాడు. భార్య గడప మీద బియ్యం ఏరుకుంటూ కూర్చుంది, సినిమాకి ముందు వరస టికెట్టు దొరికినట్టు.

మొదట పైపుతో నీళ్లు కొట్టాడు. మట్టి కాలవ కట్టి పోయింది. అది బాగానే సాగింది. ఆ తర్వాత ఫోమ్ గన్ ఎత్తాడు. నురగ వచ్చింది. బానెట్ మీద, అద్దాల మీద, పైకప్పు మీద. కాసేపటికి కారు పోయి దాని స్థానంలో తెల్లటి కొండ మిగిలింది. దండెం మీద భార్య ఆరేసిన రెండు జాకెట్లకి కూడా పట్టించాడు.

"ఏమండోయ్, అవి నిన్ననే ఉతికాను!"

"ఇంకాస్త తెల్లబడతాయిలే."

సరిగ్గా అప్పుడే డ్రాయింగ్ మాస్టారు గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. బడిలో బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి, రెండో కుర్చీకి శాశ్వత సభ్యుడు. కారుని చూసి ఆగిపోయాడు.

"ఏమోయ్ కత్తెరా, కారుకి గడ్డం గీస్తున్నావా ఏంటి?"

"అదే సూత్రం మాస్టారూ. నురగ పట్టించాక తొందరపడకూడదు, నాననివ్వాలి. నానితే గడ్డమైనా మట్టైనా మెత్తబడాల్సిందే. రండి, ఈలోగా మీది కానిచ్చేస్తాను."

తొందరెక్కువని చిన్నప్పుడు మాటలు పడ్డవాడు ఇప్పుడు నింపాదిగా, శ్రద్ధగా, నాలుగు దిక్కులా చూసుకుని మరీ ఆలస్యం చేశాడు. మాస్టారుకి నురగ రాసి, నానబెట్టి, గీసి, పటిక రుద్ది, మీసం కత్తిరించి బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. కారు మీద నురగ లేదు. ఆరిపోయింది. నల్ల కారంతా తెల్లటి చారలు. చారలున్న జంతువేదో వాకిట్లో పడుకున్నట్టుంది.

"గడ్డం మీద నురగ ఆరితే ఏం చేస్తావోయ్?" అని మాస్టారు కుతూహలంగా అడిగాడు.

"ఆరనివ్వను గదా మాస్టారూ!"

"మరి?"

కత్తెర చార మీద గోటితో గీకి చూశాడు. దుకాణదారుడి నోట్లో ఆగిపోయిన ఆ "ఆర..." అనే ముక్క చెవిలో గింగురుమంది.

మళ్లీ నీళ్లు కొట్టాడు, మళ్లీ నురగ పట్టించాడు, ఈసారి వెంటనే కడిగాడు. చారలు సగానికి సగం పోయాయి. మూడోసారికి పూర్తిగా పోయాయి. ప్రాణం లేచొచ్చింది. తుడుద్దామని సెలూన్లోంచి తువ్వాళ్ల గుట్ట తెచ్చాడు. ఉతికినవే, శుభ్రంగా ఉన్నవే. పైకప్పు తుడిచాడు, బానెట్ తుడిచాడు, ఒకడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు.

భార్య బియ్యం చేట పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. వంగి చూసింది. వేలితో తీసి ఎండకి పెట్టి చూసింది.

"ఏమండీ, కారుకి వెంట్రుకలు మొలిచాయి."

నిజమే. తువ్వాళ్ల పోగుల్లో ఏళ్ల తరబడి ఇరుక్కున్న సన్నటి తుక్కు వెంట్రుకలు, తడి తగలగానే బయటికొచ్చి బానెట్ నిండా అతుక్కున్నాయి. కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి, కొన్ని గోరింటాకు రంగువి. వీధిలోని మగాళ్లందరూ ఆ కారు మీద ఉన్నారు.

"ఆ ఎర్రవి పోస్టాఫీసాయనవి," అన్నాడు మాస్టారు సాయం చేస్తున్నట్టు.

భార్య ఇంక ఆగలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తి, నవ్వు తీరాక, తన పాత నూలు చీర ఒకటి చింపి నాలుగు ముక్కలు తెచ్చిచ్చింది. "ఇదిగో. పదేళ్లు ఉతికిన చీర. దీనికన్నా మెత్తటిది ఏ దుకాణంలోనూ దొరకదు. రెండో బకెట్టు కూడా తెచ్చాను. ఒకదాన్లో ముంచండి, ఇంకోదాన్లో జాడించండి. ఆ మాత్రం తెలీదా? గిన్నెలు తోమేవాళ్లనైనా అడగాలి."

దుకాణదారుడు చెప్పబోయింది అదేనని కత్తెరకి అప్పుడు తట్టింది. గుడ్డ అందుకున్నాడు.

మధ్యాహ్నం దాటేసరికి కారు మెరిసింది. మైనం రాసి, చీరముక్కతో మెల్లగా రుద్దితే ఆకాశం దిగొచ్చి బానెట్లో కూర్చుంది. కత్తెర చుట్టూ తిరిగి చూసుకుంటుంటే, వెనక చక్రం పైన చిన్న చిన్న నల్ల బొడిపెలు కనపడ్డాయి. తారు. కొత్తగా వేసిన రోడ్డు మీద స్టేషన్ దాకా పోయొచ్చిన ఫలం.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నల్ల కారు మీద నల్ల తారు, ఎవరికి కనపడుతుంది? కానీ చెల్లెలి వేళ్లకి కళ్లుంటాయి. కత్తెర లోపలికెళ్లి గడ్డం గీసే కత్తి తెచ్చాడు. తోలుపట్టీ మీద నాలుగు సార్లు సానపట్టాడు.

"వద్దోయ్," అన్నాడు మాస్టారు.

"మాస్టారూ, ఈ చెయ్యి నిద్రపోతున్న పసివాడి తల గీసిన చెయ్యి."

"పసివాడి తల మెత్తగా ఉంటుంది కదోయ్, ఇది..."

"చూస్తుండండి."

మొదటి బొడిపె నున్నగా ఊడొచ్చింది. రెండోది కూడా. మూడోదానికి కత్తి "కిర్" అంది. ఆ చప్పుడు అతను ముప్పై ఏళ్ల వృత్తిలో ఎప్పుడూ వినలేదు. కత్తి తీసి చూస్తే, చక్రం పైన అరచెయ్యంత మేర రంగు లేచిపోయి, బూడిదరంగు గీతలు తేలాయి. తువ్వాలుతో అద్దుదామని చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. అద్దితే ఆగడానికి అది నెత్తురు కాదు.

మాస్టారు వంగి చూశాడు. ఈసారి భార్య నవ్వలేదు.

"ఎంత పని చేశారండీ," అంది మెల్లగా.

కత్తెర మెట్టు మీద కూలబడ్డాడు. కళ్ల ముందు ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు డ్రైవర్ సీట్లో కూర్చుని, ఆ గుంట నచ్చక, సీటు మార్పించేస్తున్నాడు. పాత సీటు ఎక్కడ పారేస్తాడో.

ఆ ఊహ రాగానే లేచాడు. లోపలికెళ్లి చిన్న గిన్నెలో ఏదో కలుపుతూ బయటికొచ్చాడు. మాస్టారు ముక్కు ఎగబీల్చాడు. నెలనెలా తన మీసానికి పడే వాసనే.

"హెయిర్ డైనా?"

"నలుపు నలుపే కదా మాస్టారూ."

"కాదు! నలుపంటే ఒకటి కాదోయ్, ఇరవై రకాలున్నాయి. నీ కారుది నీలం కలిసిన నలుపు. నీ రంగు కాస్త గోధుమ కొడుతుంది." బొమ్మల మాస్టారి వృత్తిధర్మం నిద్రలేచింది. "ఆ బట్టలకి పెట్టే నీలిమందు ఉందేమో మీ ఆవిడని అడుగు. ఒక్క చుక్క. ఆ... ఇప్పుడు కలిసింది."

ఇద్దరూ కలిసి చిన్న బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి, గీత వెంట గీత నింపారు. ఆరాక చూస్తే రవ్వంత కూడా తెలియలేదు. మాస్టారు దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి చూసి, సంతకం పెట్టాలన్నంత సంబరపడ్డాడు. భార్య మాత్రం, "పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది" అని లోపలికి పోయింది.

ఆదివారం తొమ్మిదింటికి చెల్లెలొచ్చింది. చేతిలో సంచి. వదినని పలకరించి, మాస్టారుకి నమస్కారం పెట్టి, కారు వైపు తిరిగి అలాగే నిలబడిపోయింది.

"అన్నయ్యా! నువ్వే కడిగావా?"

"ఊఁ."

"నిజం చెప్పు, ఎవరిచేతైనా కడిగించావా?"

"ఆయనే కడిగారమ్మా," అంది భార్య. "నాలుగుసార్లు."

చెల్లెలు దూది తీసింది. పైకప్పు మీద లాగింది. తెల్లగానే వచ్చింది. తలుపు పిడి లోపల వేలు పెట్టి తిప్పింది. తెల్లగానే ఉంది. ముందు చక్రం పైన, అద్దం అంచున, నెంబరు పలక వెనక. ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడని మెత్తదనం వస్తోంది. "నాన్న చూస్తే..." అని ఏదో అనబోయి ఆపి, కొత్త దూది తీసి, వెనక చక్రం పైన చెయ్యి వేసింది.

మాస్టారు ఆకాశంలోకి చూశాడు.

దూది నల్లగా వచ్చింది. మామూలు నలుపు కాదు, కాటుక నలుపు. చెల్లెలు దాన్ని చూసింది. ఇంకోసారి రుద్దింది. దూదితోపాటు వేళ్లు కూడా నల్లబడ్డాయి, కారు మీద బూడిదరంగు గీతలు బయటపడ్డాయి. దూదిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది మట్టి కాదు," అంది. "అన్నయ్యా, కారుకి జుట్టు రంగేశావా?"

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు కత్తెర. ఏదైనా ఒక మాట అడ్డం వేసి తప్పించుకోవచ్చు, ఆ విద్య అతనికి కొట్టినపిండి. కానీ ఆమె చేతిలో ఆ నల్ల దూది చూడగానే విద్యలన్నీ మరిచిపోయాడు. దుకాణం దగ్గర మొదలుపెట్టి కత్తి దాకా అంతా చెప్పాడు. నురగ ఆరిపోవడం, వెంట్రుకలు, పోస్టాఫీసాయన, నీలిమందు. చెల్లెలు దూదిని వేళ్ల మధ్య నలుపుతూ ఆఖరిదాకా వింది.

"గోటితో పోయేదాన్ని కత్తిదాకా తెచ్చావు," అంది చివరికి. "తారుకి కాస్త కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగితే గుడ్డకే వచ్చేస్తుంది. నాన్న అదే చేసేవాడు. నీకు ఆ మాత్రం తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది?"

"అదేంటి? నీకు నేర్పకుండా ఎలా ఉంటాడు, మగపిల్లాడివి!"

"నన్ను దగ్గరికే రానిచ్చేవాడు కాదు. నీకు తొందరెక్కువ, అవతలికి పో అనేవాడు. ఇప్పటికీ తడిగుడ్డ పట్టుకుంటే వెనకనుంచి ఆ మాట వినపడుతుంది." కత్తెర నేలచూపులు చూస్తూ చెప్పాడు. "నువ్వు ఆయన పక్కన బకెట్టు పట్టుకుని నిలబడుంటే, నేను దుప్పట్లో ఏడ్చేవాణ్ణి."

చెల్లెలు నోరు తెరుచుకుని చూసింది.

"నువ్వు నిద్రపోతున్నావనుకున్నాను నేను! ప్రతి ఆదివారం చీకటితో నన్ను లేపి బకెట్టు చేతిలో పెట్టేవాడు. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. వీడికి దుప్పటి, నాకు బకెట్టా, ఆడపిల్లనని కదా అని నేను ఏడ్చేదాన్ని!"

"నువ్వు ఏడ్చేదానివా?"

"వెక్కి వెక్కి. బకెట్లోకి."

భార్య గడప మీద కూర్చుండిపోయింది. "బాగుంది," అంది. "ఇద్దర్నీ ఏడిపించి ఆయన కారు కడుక్కున్నాడన్నమాట."

మొదట నవ్వింది చెల్లెలే. ఆసుపత్రిలో ఎవరూ చూసి ఉండని నవ్వు అది. నవ్వుతూ నవ్వుతూ ఆ నల్ల వేళ్లతోనే కళ్లు తుడుచుకుంది, కళ్ల కిందంతా కాటుకైపోయింది. అది చూసి కత్తెర నవ్వాడు. మాస్టారు ఇప్పుడు నవ్వితే తప్పులేదని రూఢి చేసుకుని తానూ నవ్వాడు.

"సరే, ఆ చొక్కా చేతులు మడుచు," అంది చెల్లెలు. "బకెట్లు తే. ఆ రంగు కడుగు, నేను చెబుతాను."

"చూడు, నేను ముందు నురగ..."

"నోరుమూసుకుని విను. పైనుంచి కిందికి. గుండ్రంగా తిప్పొద్దు, అది మనిషి చెంప కాదు. గుడ్డ కింద పడితే ఆ గుడ్డ ఇంక కారుకి పనికిరాదు. చక్రాలకి వేరే గుడ్డ. ఆఁ, అలాగ. మెల్లగా. ఇంకా మెల్లగా."

కత్తెర మెల్లగా తుడిచాడు. గీతలు పోలేదు. అవి పోవు, రంగు వేసేవాడి దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. కానీ తడిగుడ్డ పట్టుకుని నాన్న కారు పక్కన నిలబడితే అవతలికి పొమ్మనేవాళ్లెవరూ లేరు. ఇంకా దగ్గరికి రా, అక్కడ వదిలేశావు అని మొట్టికాయ వేసే చెల్లెలు మాత్రం ఉంది. మూడు ఆదివారాలు తనింటికి వచ్చి కడిగితే గాని నేర్చుకున్నట్టు ఒప్పుకోనని కూడా అంది.

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని వదిన ఫోను పట్టుకుని చెవి దగ్గర పెట్టింది. అవతల కారు కొంటానన్న మనిషి. పదకొండింటికి వచ్చి చూసుకోనా అని అడుగుతున్నాడు.

కత్తెర చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"వద్దండీ, రాకండి," అంది చెల్లెలు. "అమ్మడం లేదు... లేదండీ, ఎక్కువిస్తానన్నా లేదు... బండికేం, బాగానే ఉంది... ఆఁ? రంగా? నలుపేనండీ." అన్న వైపు ఓరగా చూసింది. "నిన్ననే వేశారు."